'కానీ' తర్వాత మాట

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. అరుగు తడిగా ఉంది, ఈ చాప మీదకి రండి. ఈ వాన హోరులో నా గొంతు మీదాకా రాకపోతే రావట్లేదని చెప్పేయండి. ఈ ఇంట్లో ఆ మాటకి మొహమాటం లేదు. ఎందుకు లేదో చెప్పడానికే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

నిన్న సాయంత్రం కూడా ఇలాగే వాన. పెరట్లో రేకుల మీద చినుకుల మోతకి పక్కింటి కుక్కర్ ఈల కూడా వినపడలేదు. పెద్దాపురం నుంచి మా రాజక్క వీడియో కాల్ చేసింది. ఆదివారం ఆదివారం చేస్తుంది. "ఎలా ఉన్నావే తాయారూ?" అంది. "బాగున్నానక్కా, నువ్వెలా ఉన్నావు?" అన్నాను. "నాకేంటే, బాగానే..." అంటూండగా బొమ్మ ఆగిపోయింది. నోరు సగం తెరిచి, కళ్ళు సగం మూసుకుని, మా అక్క మొహం అద్దానికి అతికించినట్టు ఉండిపోయింది. దాని మీద చిన్న గుండ్రం తిరుగుతోంది. ఫోను వేడి అరచేతికి తగులుతోంది. కిటికీలోంచి తడిసిన కొబ్బరాకుల వాసన వస్తోంది. ఆ గుండ్రం తిరుగుతుంటే అందరికీ చిరాకొస్తుందట. నాకు మాత్రం వసుంధర గారు గుర్తొస్తారు.

మీరంతా ఈ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు, ఆవిడ్ని మీరెవరూ చూడలేదు. మా మేడ మీద వాటాలో అద్దెకున్నది ఒక్క వర్షాకాలం, దాని వెనక కాస్త చలికాలం. అంతే. మా ఆయన పోయిన తర్వాత పైన రెండు గదులూ ఊరికే ఉన్నాయని రామచంద్రపురంలో నలుగురికీ చెప్పి ఉంచాను. ఒకరోజు ఎండ వేళ గేటు దగ్గర కారాగింది. నా వయసే ఉంటుంది, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, నూలు చీర. చేతిలో సూట్‌కేసు చిన్నది, కారు వెనకాల అట్టపెట్టెలు మాత్రం బోలెడు. "మేడ మీద నుంచి గోదావరి వైపు ఏదైనా అడ్డం ఉందాండి?" అని అడిగింది మొదటి మాట. నీళ్ళొస్తాయా, కరెంటు పోతుందా అని అడగాలి కదా అద్దెకొచ్చేవాళ్ళు. నేను తెల్లబోయి, "కొబ్బరిచెట్లు తప్ప ఏం లేవండి" అన్నాను. "అవే కావాలండి నాకు" అంది.

వారం తిరక్కుండా మేడ మీద ఒక ఇనపగొట్టం, దానికి పళ్ళెం లాంటిది ఒకటి లేచాయి. వీధిలో రకరకాలుగా అనుకున్నారు. ఎదురింటి సత్యనారాయణ గారైతే గేటు దగ్గరే ఆపి, "ఏం ఉద్యోగమండి తమరిది?" అని అడిగేశారు. ఆవిడ "ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్ తయారుచేస్తానండి" అంది. ఆయన సంతోషంగా తలూపి, తన బావమరిదికి రెండు లారీలున్నాయనీ, రాజమండ్రి సరుకేదైనా ఉంటే చెప్పమనీ అన్నారు. ఆవిడ నవ్వలేదు. "తప్పకుండా చెప్తానండి" అంది. లోపలికొచ్చాక మాత్రం మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. అంత నవ్వు ఎక్కడ దాచుకుందో అనిపించింది నాకు.

మరి నాకైనా అర్థమయిందా అంటే, భోజనం దగ్గర అర్థమయింది. వచ్చిన కొత్తలో ఒక ఆదివారం అరిటాకు వేసి పిలిచాను. కంద బచ్చలి కూర, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ పులుసు. మన వైపు వడ్డన మీకు తెలుసు కదా. ఆవిడ "చాలండి" అంది. వేశాను. "చాలండి, నిజంగా" అంది. ఇంకాస్త వేశాను. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. చేతి పక్క నుంచి వేశాను. అప్పుడు ఆవిడ చేతి మీద పడ్డ మెతుకులు చూసుకుని నా మొహంలోకి చూసింది.

"తాయారు గారూ, నేనేం పని చేస్తానని కదా మొన్న అడిగారు? ఇదేనండి నా పని."

"వడ్డనా?"

"వడ్డనే. మనం ఫోన్‌లో మాట్లాడే మాట, చూసే బొమ్మ, తునకలు తునకలుగా వెళ్తాయి. వైర్లు వేసేవాళ్ళు, టవర్లు కట్టేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ తునకల్ని ఇటు నుంచి ఎంత జోరుగా పంపాలి, అటు వాళ్ళు చాలంటే ఎలా ఆగాలి, అందిందని ఎలా తెలుసుకోవాలి, అందకపోతే మళ్ళీ ఎప్పుడు పంపాలి... ఆ పద్ధతి రాయడం నా పని. మీలాంటి వాళ్ళు పంపడానికి కూర్చుంటే అటువైపు మిషను చచ్చి ఊరుకుంటుంది."

"చాలన్న మాటకి అర్థం చాలని కాదు కదండీ మరి?" అన్నాను నేను. మన వైపు మూడోసారి కూడా వద్దన్నాకే కదా వద్దని! ఆవిడ తల అడ్డంగా ఆడించి, "అదేనండి ఇక్కడ నాకు భయంగా ఉంది" అంది. అప్పుడు అది హాస్యమే అనుకున్నాం ఇద్దరం.

ఆవిడ ఇంత దూరం వచ్చింది మన వాన కోసం. కోటిపల్లి రేవు అవతల, గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకలో చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది. వానాకాలంలో ఏరు నిండుగా ఉంటే పడవ కష్టం. అందుకని లంకలో ఉన్న రోగిని పట్నంలో ఉన్న డాక్టరు తెర మీద చూసి మందు చెప్పేలా ఏర్పాటు చేశారు. మా మేడ మీద పళ్ళెం నుంచి కొబ్బరితోటల మీదుగా, నీళ్ళ మీదుగా గాలిలో వెళ్ళే దారి అది. వాన పడితే తునకలు దారిలో పోతాయి. పాత పద్ధతికి ఒకటే తెలుసట. తునక పోయిందంటే దారిలో రద్దీ ఉందని అనుకుని నడక తగ్గించేస్తుందట. రద్దీ ఉంటే అది మంచి బుద్ధే. కానీ ఇక్కడ రద్దీ లేదు, ఉన్నది వాన. ఖాళీ రోడ్డు మీద భయపడి నడిచినట్టు అయిపోతుంది. రద్దీ వల్ల పోయిందా, వాన వల్ల పోయిందా అని తేడా కనిపెట్టే పద్ధతి ఆవిడ ఏళ్ళ తరబడి రాసుకుంటూ వచ్చింది. పెళ్ళి ఊసెత్తకుండా, బెంగుళూరులో ఒక్కతే ఉండి, దాన్నే కనిపెట్టుకుని ఉంది. ఆఫీసువాళ్ళు చివరికి ఈ ఒక్క వర్షాకాలం ఇచ్చారట. "ఇక్కడ నిలబడితే నిలబడినట్టండి. లేకపోతే మూసేస్తారు. నా తర్వాత దాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు" అని చెప్పింది ఒకసారి, పిల్లదాని గురించి చెప్పినట్టు.

వారానికోసారి లంకకి వెళ్ళేది. పడవంటే భయం. అందుకని నన్ను తోడు రమ్మనేది. నేనక్కడికి పడవల్లో పుట్టిపెరిగినదాన్నా? అయినా వెళ్ళేదాన్ని. ఆరోగ్య కేంద్రంలో నర్సు రత్నకుమారి అని, చలాకీ పిల్ల. మేం గట్టెక్కుతూండగానే కొబ్బరిబోండాలు కొట్టించేది. వసుంధర గారు బల్ల దగ్గర కూర్చుని, "ఏమ్మా, వాన పడ్డప్పుడు డాక్టరుగారి బొమ్మ ఎలా వస్తోంది? మాట తెగుతోందా?" అని అడిగేది.

"ఆయ్, బ్రహ్మాండంగా వస్తోందండి మేడం గారూ. ఎదురుగుండా కూర్చుని మాట్లాడినట్టే ఉందండి."

అక్కడున్న ముసలమ్మల్ని అడిగితే వాళ్ళూ అదే మాట. "మా తల్లే, ఎంత బాగా పెట్టావమ్మా" అని చేతులు పట్టుకునేవారు. మిషను లెక్కలు కూడా సరిగానే ఉండేవట. పంపిన ప్రతి తునకా అందింది అని చూపించేదట. వచ్చేటప్పుడు పడవలో ఆవిడ ఆ లెక్కలు చూసుకుంటూ నీళ్ళంటే భయం కూడా మర్చిపోయేది. ఫోన్‌లో ఆఫీసువాళ్ళకి చెప్పేది. వాళ్ళు అట్నుంచి "వెరీ గుడ్, వసుంధరా" అనేవారు. ఆ రెండు ముక్కలూ నాకు కూడా అర్థమయ్యేవి.

శ్రావణమాసం వానలు పట్టుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళాం లంకకి. మామూలు రోజు కాదది. ఏదో తీగె మార్చాలని ఆవిడకి తట్టింది. వరండాలో గొడుగులు మడుస్తూండగా కిటికీలోంచి లోపల కనపడుతోంది. బల్ల మీద తెర వెలుగుతోంది. అందులో డాక్టరుగారు ఒక చెయ్యి పైకెత్తి అలాగే బిగుసుకుపోయి ఉన్నారు. తెరకి ఎదురుగా ఒక తల్లి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. రత్నకుమారి బల్ల కింద మామూలు ఫోను చెవికి ఆనించుకుని, వంగి, "ఆయ్, జ్వరం నూటొకటండి డాక్టరుగారూ, దగ్గు కూడా ఉందండి" అంటోంది.

వసుంధర గారు గుమ్మంలో నిలబడిపోయింది. రత్నకుమారి చూసి ఫోను కొంగులో దాచుకుంది. దాచుకున్న ఫోన్‌లోంచి డాక్టరుగారి గొంతు, "హలో, హలో" అంటోంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని అడిగింది వసుంధర గారు. కోపం లేదు ఆ గొంతులో. అదే భయమేసింది నాకు.

ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వానలు మొదలైన కాడ్నించండి. తెర ఆపలేదండి మేడం గారూ, మీరు పెట్టారని ప్రతిసారీ వేస్తానండి. పేషెంట్లని కూడా ఎదురుగుండానే కూర్చోబెడతానండి. మాట మాత్రం ఫోన్‌లో మాట్లాడుకుంటామండి. మీరు ఏటికి భయపడి కూడా వస్తున్నారు. అంత కష్టపడి పెట్టినదాన్ని బాగోలేదని ఏ మొహంతో అంటామండి?"

బిడ్డ తల్లి కూడా అందుకుంది. "బొమ్మ బాగానే ఉందండి, కదలదు గాని" అంది.

డాక్టరుగారు కూడా అంతేనట. పెద్దావిడ, పైగా ఆడమనిషి ఒక్కర్తీ పాటుపడుతోంది, మనమెందుకు మనసు నొప్పించడం అని ఊరుకున్నారట. చూశారా, ఒక్కరు కూడా చెడు తలపెట్టలేదు. అందరూ మర్యాదే చేశారు.

తిరిగొచ్చేటప్పుడు వాన వెలిసింది. పడవలో ఆవిడ లెక్కలు తీసి మళ్ళీ మొదట్నుంచీ చూసుకుంది. తర్వాత నాకు విడమర్చి చెప్పింది. తునకలన్నీ అందిన మాట నిజమేనట. పోయినదాన్ని పట్టుకుని మళ్ళీ పంపి, అది చేరేదాకా వెనకాల వాటిని ఆపి, చివరికి అన్నిటినీ వరసగా అందించిందట ఆవిడ రాసిన పద్ధతి. కానీ అప్పటికి మాట వేళ దాటిపోయింది. బిడ్డ దగ్గు డాక్టరుగారికి చేరేసరికి దాని గురించి అడగాల్సిన వేళ అయిపోయింది. "అందడం వేరండి తాయారు గారూ, వేళకి అందడం వేరు. మిషనుకి ఆ తేడా చెప్పలేదు నేను. మనుషులు చెప్తారనుకున్నాను."

"పోనీలెండి" అన్నాను.

ఆవిడ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "ఇంకొకటి చెప్పనా? కోప్పడకూడదు. మీ గోంగూర నేను తినలేనండి. కారం నా కడుపుకి పడదు. వచ్చిన దగ్గర్నుంచి బాగుందని చెప్తున్నాను. మీరు కొసరి కొసరి వేస్తున్నారు. రాత్రిళ్ళు మాత్రలు మింగుతున్నాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అయ్యో, ఒక్క ముక్క చెప్పాల్సింది కదండీ!"

"రత్నకుమారిని నేనేం అంటాను చెప్పండి? నేనూ ఈ జిల్లాలోనే, పిఠాపురంలో పుట్టానుగా." పడవవాడు కూడా నవ్వాడు. నవ్వు అయిపోయాక ఆవిడ అడిగింది, "మీకేం అందలేదు? మీరూ చెప్పండి."

అలా ఎవరైనా అడుగుతారా? బాగున్నారా అని అడుగుతారు గాని. నేను కొంగు సర్దుకున్నాను. రేవు దగ్గర పడుతోంది. చెప్పకపోయినా సరిపోయేది. కానీ నోట్లోంచి వచ్చేసింది. "సాయంత్రం పూట టీవీ పెట్టుకుంటానండి. చూడను. ఇంట్లో మనిషి గొంతు ఉండాలని పెట్టుకుంటాను." ఆవిడ ఓదార్చలేదు. మర్నాడు సాయంత్రం దీపాల వేళకి మెట్లు దిగొచ్చి, వంటింటి గడప మీద కూర్చుని, "టీ పెట్టండి, టీవీ కట్టేయండి" అంది. ఇక్కడున్నన్నాళ్ళూ ఒక్క సాయంత్రం మానలేదు.

ఆ వారమే ఆఫీసువాళ్ళతో మాట్లాడింది. నేను మెట్ల కింద చేటలో బియ్యం ఏరుతున్నాను. ఇంగ్లీషు నాకు రాదు. ఆవిడ గొంతు నెమ్మదిగా, ఒకే తీరుగా నడుస్తోంది. తర్వాత అడిగితే చెప్పింది, "బాగుందని నెలల తరబడి చెప్పాను కదా, బాగోలేదని చెప్పానండి. లెక్కలు మాత్రం చూపించి ఊరుకోవచ్చు, వాళ్ళకి తెలిసేది కాదు. లంకలో వాళ్ళకి తెలుస్తుంది కదా."

"ఏమన్నారు?"

"వెరీ గుడ్ అన్నారు. సరిచేసుకోమన్నారు."

అప్పటి నుంచి ఆవిడ పని చూడాలి మీరు. రాత్రీ పగలూ రాయడమే. కానీ ఆ రాసేదాని కంటే కష్టమైన పని లంకలో పడింది. రత్నకుమారి చేత బాగోలేదని అనిపించడం. ఆ పిల్లకి నోరు రాదు. "అంటే, బాగానే ఉందండి మేడం గారూ, కానీ..." అని ఆగిపోయేది.

"ఆ 'కానీ' తర్వాత చెప్పమ్మా. నాకు కావలసింది అదే. ముందున్నది నీ దగ్గర ఉంచుకో."

"కానీ... కొంచెం..."

"కొంచెం?"

"అస్సలు వినపడట్లేదండి" అని చెప్పి, తప్పు చేసినట్టు నాలిక కరుచుకునేది. వసుంధర గారు చప్పట్లు కొట్టేది. అలా చెప్పినందుకు ఆ పిల్లకి తాపేశ్వరం కాజాలు తెప్పించి ఇచ్చింది. తర్వాత్తర్వాత ముసలమ్మలు కూడా తయారయ్యారు. "ఇయ్యాల డాక్టరుబాబు నత్తి నత్తిగా మాట్టాడాడమ్మా" అని ఎదురొచ్చి చెప్పేవారు. ఒకావిడైతే కాజా కోసం బాగున్న రోజు కూడా బాగోలేదని చెప్పింది. దానికీ నవ్వుకున్నాం.

రత్నకుమారి రేవుకొచ్చి ఆవిడ్ని పడవెక్కించుకుపోతే, నేను ఇంట్లో కింద గదిలో, ఆవిడ లంకలో కూర్చుని పరీక్షగా మాట్లాడుకున్న రోజులు కూడా ఉన్నాయి. మాట తెగగానే నేను తెగింది అని చెప్పాలి. బతుకులో ఎవరికీ అన్నిసార్లు కాదని చెప్పలేదు నేను. మొదట్లో 'ఫరవాలేదు, వస్తోంది' అనేసేదాన్ని. రానురాను తేలికపడింది. కాదని చెప్పినా మనిషి పోలేదు, మళ్ళీ అడుగుతోంది. అది నాకు కొత్త.

ఆశ్వయుజం చివర్లో, పోతూ పోతూ ఒక గట్టి వాన పడింది. మేం లంకలోనే ఉన్నాం. ఒక తల్లి నెలల బిడ్డని తెచ్చింది. వాడు ఎగశ్వాస పెడుతున్నాడు. తెర మీద డాక్టరుగారి బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోయింది. కానీ మాట ఆగలేదు. "బొమ్మ పోయింది, ఫరవాలేదు. బిడ్డ ఛాతీ దగ్గర మైకు పెట్టండి" అన్నారు డాక్టరుగారు. ఆ చిన్న ఊపిరి గురగుర గోదావరి దాటి వెళ్ళింది. "వినపడుతోంది. స్పష్టంగా వినపడుతోంది" అన్నారాయన. రత్నకుమారి చెయ్యి ఈసారి బల్ల కింద లేదు. ఏ మందు ఎంత వెయ్యాలో చెప్పారు, వాన తగ్గగానే పడవ మీద పట్నం తీసుకురమ్మన్నారు. బిడ్డ దక్కాడు.

దారి ఇరుకైనప్పుడు బొమ్మని వదిలేసి మాటని పట్టుకోవడం, వేళ దాటిన తునక కోసం వెనక్కి వెళ్ళకుండా ముందున్నదాన్ని అందించడం, వానకి బెదరకపోవడం. ఆవిడ చేసింది అది. నాకు తెలిసినంతలో చెప్తున్నాను. ఆ రోజు పడవలో ఆవిడ నీళ్ళలో చెయ్యి పెట్టి కూర్చుంది, భయం లేకుండా.

తర్వాత కొద్దిరోజులకి సాయంత్రం టీకి దిగొచ్చి, టీ వద్దు, మజ్జిగ ఇవ్వమంది. గ్లాసు పక్కన పెట్టి చెప్పింది. ఆఫీసువాళ్ళు వేరే వాళ్ళ పద్ధతి తీసుకున్నారట. ఇప్పుడు కాదు, వానలు మొదలవకముందే నిశ్చయమైపోయిందట. అంత అనుభవం ఉన్న మనిషికి ఎలా చెప్తామని మొహమాటపడి, ఈ వర్షాకాలం ఇచ్చి, వారం వారం వెరీ గుడ్ అంటూ వచ్చారట. ఆవిడ బాగుందన్నా, బాగోలేదన్నా వాళ్ళు అదే మాట ఎందుకన్నారో అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళు వినట్లేదు.

"వాళ్ళదీ గోదావరి జిల్లాయేనేమో కనుక్కోవాలండి" అంది ఆవిడ. నేను నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానేశాను. వంటింట్లో వెలుతురు తగ్గిపోతోంది, నేను లేచి దీపం వెయ్యలేదు. ఆవిడ మళ్ళీ అంది, "ఇన్నేళ్ళలో ఒక్కరైనా 'అందలేదు వసుంధరా, ఇది మాకొద్దు' అని చెప్పి ఉంటే ఇంకో దారి వెతుక్కునేదాన్ని. మంచి మాటలే అందాయండి నాకు. అన్నీ అందాయి. వేళకి అందాల్సింది అందలేదు."

సంక్రాంతి రాకముందే వెళ్ళిపోయింది. లంకలో పెట్టినవి తీసుకెళ్ళలేదు. పాడయ్యేదాకా ఉంటాయి, వాడుకోమని రత్నకుమారికి అప్పజెప్పింది. మేడ మీద గొట్టం కూడా ఇప్పటికీ అలాగే ఉంది, బట్టలారేసే తాడు కడుతున్నాను దానికి.

బెంగుళూరు నుంచి సాయంత్రాలు ఫోన్ చేసేది. బాగున్నారా అని ఇద్దరం అడగకూడదని ఒప్పందం. "ఇవాళ ఏం అందలేదు?" అనే అడగాలి. "ఇవాళ పాలవాడు అందలేదండి" అనేదాన్ని నేను. "నాకు నిద్ర అందలేదు" అనేది ఆవిడ. అలా ఏడాది పైన గడిచింది. ఒకరోజు అడిగితే ఇలా చెప్పింది. "తాయారు గారూ, కడుపులో పుండు అనుకున్నది పుండు కాదటండి. ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో అందరికీ బాగున్నానని చెప్పాను. మీకు చెప్పకపోతే ఒప్పందం తప్పినట్టవుతుంది."

సామర్లకోటలో రైలెక్కాను. అంత దూరం ఒక్కదాన్నీ ఎప్పుడూ వెళ్ళలేదు. ఆవిడ ఇంట్లో పుస్తకాలు తప్ప మనుషుల జాడ లేదు, రెండో కుర్చీ మీద కూడా కాగితాలే. చివరిదాకా ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో పెరుగన్నం మెత్తగా కలిపి పెడుతున్నాను. రెండు ముద్దలు తిని, గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఎముకల మీద తోలు, అంతే ఆ చెయ్యి. నేను పెట్టడం ఆపేశాను.

కళ్ళు తెరిచి చూసింది. "ఆగారే!" అంది. "నా పద్ధతి నేర్చుకున్నది లోకంలో మీరొక్కరేనండి."

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు.

ఇదంతా నిన్న ఆ గుండ్రం తిరుగుతున్నంతసేపూ నా కళ్ళ ముందు తిరిగింది. బయటి మనిషికి చెప్పడం నేర్చుకున్నాను గాని, తోడబుట్టినదానికి మాత్రం ఆదివారం ఆదివారం "బాగున్నానక్కా" అనే చెప్తూ వచ్చాను. చెప్తే అది బాధపడుతుందని. అది కూడా అందుకే బాగున్నానంటోందేమో అని ఒక్కసారైనా తట్టలేదు.

బొమ్మ కదల్లేదు. మాట మాత్రం వచ్చింది. "తాయారూ, వినపడుతోందా? నెట్ పోయినట్టుంది, పెట్టేస్తానే."

"పెట్టకక్కా. బొమ్మ రావట్లేదు, మాట వస్తోంది. ఇందాక బాగున్నానన్నాను చూడు. బాగానే ఉన్నాను, కానీ..."

"కానీ ఏంటే?"

"సాయంత్రం అయ్యేసరికి ఉండలేకపోతున్నానక్కా. మాట్లాడే మనిషి లేదు. మళ్ళీ టీవీ పెట్టుకుంటున్నాను."

అట్నుంచి ఏం లేదు. వాన చప్పుడు ఇక్కడిదో అక్కడిదో తెలియలేదు. తెగిపోయిందేమో అనుకున్నాను. అయినా ఫోను పెట్టలేదు, చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను. అప్పుడు మా అక్క గొంతు వచ్చింది, ఎప్పుడూ వినని గొంతు. "నేను మోకాళ్ళు పట్టేసి మంచం దిగి నెలవుతోందే. పక్కింటివాళ్ళు మంచం పక్కన అన్నం పెట్టి వెళ్తున్నారు. నీకు చెప్తే కంగారుపడతావని... వీడియోలో మొహం ఒక్కటే కనపడేలా పట్టుకుంటున్నాను."

అదిగో, గుమ్మం పక్కన ఆ సంచీ నాదే. పొద్దున్న మొదటి బస్సుకి పెద్దాపురం వెళ్తున్నాను. అక్కడి మరిడమ్మ జాతరకి కాదు, మా అక్క దగ్గర ఉండడానికి. మోకాళ్ళు నయమయ్యాక దాన్ని ఇక్కడికి తెస్తానో, నేనే అక్కడ ఉండిపోతానో ఇంకా తెలీదు. అందుకే ఈ ఇంట్లో ఈ మాట చెప్పేసి వెళ్దామని మిమ్మల్ని కేకేశాను.

వాన తగ్గింది, ఇక లేవండి. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి, మీ గుమ్మంలో చెప్పుల జతలు ఎప్పుడూ ఒకటికి మించి ఉండాలి. మీ ఇంట్లో ఎవరైనా బాగానే ఉన్నాను కానీ అని ఆగితే, ఆ తర్వాత మాట వినేదాకా కూర్చునే మనిషి ఒకరు మీకు ఎల్లకాలం ఉండాలి. చల్లగా వెళ్ళిరండి.